ఫుల్ ఫ్రేమ్ కెమెరా కోసం రెండేళ్లు సిప్ ఆపవచ్చా?

ప్రశ్న: నా వయసు 41 సంవత్సరాలు. నిజాంపేటలో సొంత ఫ్లాట్‌లో ఉంటున్నాం. ఒక ఔషధ సంస్థ నాణ్యతా విభాగంలో ఉద్యోగం చేస్తున్నాను. చేతికి నెలకు 94,000 రూపాయలు వస్తాయి. ఇంటి రుణానికి 33,500, ఇంటి ఖర్చులకు 30,000, ఇద్దరు పిల్లల ఫీజులకు నెలవారీగా చూస్తే 10,800, సిప్‌లకు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడికి) 10,000, బీమా ప్రీమియాలకు 3,300 పోగా 6,400 మిగులుతుంది. ఏటా ఏప్రిల్‌లో 80,000 బోనస్ వస్తుంది. నా భార్య ట్యూషన్లు చెప్పి నెలకు 15,000 సంపాదిస్తుంది. అందులో 10,000 పెట్టి, తొమ్మిదో తరగతి చదువుతున్న పెద్దమ్మాయి ఇంటర్ ఫీజు కోసం చిట్టీ కడుతోంది. అత్యవసరాలకని 2,60,000 ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచాం. 2018లో కొన్న నికాన్ డీ5600, దానితో వచ్చిన 18–55 లెన్స్, 70–300 లెన్స్ నా దగ్గర ఉన్నాయి. రంజాన్ రాత్రులు చార్మినార్ దగ్గర, బోనాల సమయంలో గోల్కొండ, లాల్ దర్వాజాల దగ్గర, ఆదివారం ఉదయాలు అమీన్‌పూర్ చెరువు దగ్గర ఫొటోలు తీస్తుంటాను. నిరుడు మొత్తం 19 రోజులు అలా వెళ్లాను. రాత్రి తీసినవన్నీ గరుకుగా, మసకగా వస్తున్నాయి. వెలుతురును పట్టే సెన్సర్ పెద్దదిగా ఉండే ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ (లెన్స్ లేని కెమెరా) 1,78,000, 24–120 లెన్స్ 90,000, మొత్తం 2,68,000 అని దుకాణంలో చెప్పారు. 24 నెలల నో కాస్ట్ ఈఎంఐలో (వడ్డీ లేదని చెప్పే నెలవారీ వాయిదాల్లో) తీసుకుని, అప్పటివరకు సిప్‌లు ఆపుదామని ఆలోచన. వారాంతాల్లో పెళ్లిళ్లకు ఫొటోలు తీసి ఆ డబ్బు రాబట్టుకోగలనని నమ్మకం ఉంది. పాత కెమెరా, లెన్స్‌లు కలిపి 28,000కు అడుగుతున్నారు. 'ఉన్న కెమెరాకు ఏమైంది?' అని నా భార్య అడుగుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ శ్రీమతి గారి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఆవిడ దెప్పిపొడవడానికి అడిగి ఉండవచ్చు కానీ, మీ లెక్క అంతా ఆ ప్రశ్నకు మీరు చెప్పే జవాబు మీదే ఆధారపడి ఉంది. ఉన్న కెమెరాకు పెద్దగా ఏమీ కాలేదు. దానికి తగిలించిన లెన్స్‌కు రాత్రిపూట చూపు చాలదు. లెన్స్ పేరులోని అంకెలు మిల్లీమీటర్లు, అవి పెరిగేకొద్దీ దూరంలో ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి. మీ 18–55 లెన్స్‌ను 55 దగ్గర పెట్టినప్పుడు దాని ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్ 5.6కు మించి తెరుచుకోదు, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ఆ రంధ్రం పెద్దది. అదే ఎఫ్ 1.8 దాకా తెరుచుకునే 50 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే సెన్సర్ మీద దాదాపు పది రెట్ల వెలుతురు పడుతుంది. మీరు కొనాలనుకుంటున్న జోడీ సంగతి చూద్దాం. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం మీ ఇప్పటి సెన్సర్ కంటే సుమారు 2.3 రెట్లు పెద్దది, ఎఫ్ 4 దాకా తెరుచుకునే ఆ 24–120 లెన్స్ ఎఫ్ 5.6 కంటే రెట్టింపు వెలుతురును లోపలికి పంపుతుంది. రెండూ కలిపితే నాలుగున్నర రెట్లు. అంటే 2,68,000 పెట్టి మీరు తెచ్చుకునే లాభంలో రెట్టింపును, కొత్తదైనా 20,000 లోపు దొరికే ఒక చిన్న లెన్స్ ఇవ్వగలదు. జూమ్ ఉండదు, ఫోకస్‌లో ఉండే లోతు తగ్గుతుంది, గుంపులో అడుగు ముందుకూ వెనక్కూ మీరే వేసుకోవాలి. ఆ ఇబ్బందులు నిజమే. అయినా లాడ్ బజార్ గాజుల దుకాణం ముందు నిలబడి ఒక ముఖం తీయడానికి ఆ లెన్స్ ఎంత పనికొస్తుందో ఒక్క రాత్రిలో మీకే తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్ నికాన్‌లో రెండు రకాలుగా దొరుకుతుంది. పాతదైన డి రకం చవక. అయితే ఆ లెన్స్‌ను తిప్పే మోటార్ కెమెరా బాడీలో ఉండాలి, మీ డీ5600లో అది లేదు కాబట్టి ఆటోఫోకస్ పని చేయదు. నికాన్ మిర్రర్‌లెస్ కెమెరాలకు పాత లెన్స్‌లను తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో పెట్టినా పని చేయదు. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉండే జి రకం మాత్రం ఈ రోజు మీ పాత కెమెరాకూ, రేపు మీరు నికాన్ మిర్రర్‌లెస్‌కే వెళితే అడాప్టర్ మీద దానికీ ఆటోఫోకస్‌తో సహా సరిపోతుంది. పైగా ఇది ఫుల్ ఫ్రేమ్‌కు తయారైన లెన్స్ కనుక అక్కడ చిత్రం కోత పడదు. మీ రెండు పాత లెన్స్‌ల పరిస్థితి అలా కాదు. అవి చిన్న సెన్సర్ కోసం చేసినవి. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ బాడీ మీద వాటిని వాడితే అంచులు కత్తిరించి సుమారు 10 మెగాపిక్సెళ్ల చిత్రమే చేతికి వస్తుంది.

దీనివల్ల అమీన్‌పూర్ పక్షుల దగ్గర మీకు కొత్త ఖర్చు పుడుతుంది, దాని గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు. మీ 70–300 లెన్స్ ఇప్పుడున్న కెమెరా మీద 450 మిల్లీమీటర్ల దాకా చూస్తున్నట్టు లెక్క. మీరు కొనబోయే లెన్స్ 120 దగ్గర ఆగిపోతుంది. పాత సామానంతా 28,000కు ఇచ్చేసి కొత్త జోడీతో చెరువు గట్టుకు వెళ్లిన మొదటి ఆదివారమే, ఫ్లెమింగోలు మీకు తెల్ల చుక్కల్లా కనిపిస్తాయి. ఆ తరువాతి వారం పెద్ద టెలిఫొటో లెన్స్‌ల ధరలు వెతకడం మొదలుపెడతారు. కెమెరా మార్చడమంటే ఒక బాడీ కొనడంతో తీరేది కాదు. లెన్స్‌లు, అడాప్టర్, వేగమైన కార్డులు, రెండో బ్యాటరీ, ఆ ఫైళ్లు దాచుకునే హార్డ్ డిస్క్ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఈ సామాన్లకు కనీసం 30,000 పక్కన పెట్టనిదే బడ్జెట్ పూర్తయినట్టు కాదు.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. పేరులో ఖర్చు లేదు గాని బిల్లులో ఉంటుంది. 24 నెలలకు నెలకు 11,167 చొప్పున మీరు కట్టే మొత్తం 2,68,000 అవుతుంది. బ్యాంకు మాత్రం దీన్ని వడ్డీ లేని అప్పుగా రాసుకోదు. వార్షిక వడ్డీ 15 శాతం అనుకుంటే అసలు 2,30,300, వడ్డీ 37,700 అవుతాయి. ఆ వడ్డీ మేరకు ధరలో ముందే తగ్గింపు చూపిస్తారు. అయితే వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీ, అంటే సుమారు 6,800, మీ జేబులోంచే వెళుతుంది. ప్రాసెసింగ్ రుసుము దీనికి అదనం. ఒకేసారి చెల్లించేవారికి దుకాణదారు తగ్గించే నాలుగైదు వేలు కూడా మీకు దక్కవు. ఒక్క నెల క్రెడిట్ కార్డు బిల్లు తప్పితే ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా పడే వడ్డీ గురించి మీకు వేరే చెప్పనక్కర్లేదు.

వీటన్నిటికంటే పెద్ద ఖర్చు సిప్ ఆపడం. నెలకు 10,000 చొప్పున 24 నెలలు ఆపితే 2,40,000 పెట్టుబడి ఆగుతుంది. 58 ఏళ్లకు పదవీ విరమణ అనుకుని, సగటున 10 శాతం రాబడి వస్తుందని ఊహిస్తే, అప్పటికి ఆ డబ్బు సుమారు 11 లక్షలు అయ్యేది. పది శాతం అన్నది నా అంచనా మాత్రమే, ఎవరూ హామీ ఇచ్చింది కాదు. మిమ్మల్ని బెదిరించడానికి 11 లక్షలు అని చెప్పి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరుగుతాయనుకుంటే ఆ 11 లక్షలు ఈనాటి 4 లక్షల పైచిలుకుతో సమానం. అంటే నిజమైన లెక్కలో మీరు ఈ కెమెరాకు పెడుతున్నది 2,68,000 కాదు, ఈనాటి విలువలో 4 లక్షలు. పైగా రెండేళ్లు ఆపిన సిప్‌ను మూడో ఏడు మొదలుపెట్టే సమయానికి పెద్దమ్మాయి ఇంటర్ ఫీజు ఎదురుగా ఉంటుంది. ఒకసారి ఆపిన సిప్‌ను అనుకున్న నెలలో తిరిగి మొదలుపెట్టినవారిని నా ఉద్యోగంలో చాలా తక్కువమందినే చూశాను. ఫిక్స్‌డ్ డిపాజిట్ జోలికి వెళతానని మీరు రాయలేదు, సంతోషం. అది సిప్ కాక మీకయ్యే 77,600 నెలసరి ఖర్చులో మూడు నెలలకు కాస్త ఎక్కువ మాత్రమే. దాన్ని పెంచాలే తప్ప తగ్గించకూడదు.

పెళ్లిళ్ల సంగతి దగ్గర నేను మీతో ఏకీభవించలేను. ఇష్టమైన వస్తువు కొనేటప్పుడు అది తన ఖరీదు తానే సంపాదించుకుంటుందని మనకు మనం నచ్చజెప్పుకుంటాం. నేనూ ఒకప్పుడు అలాగే ఒక ఫిల్మ్ కెమెరా కొన్నాను. సంపాదించిన మాట దేవుడెరుగు, తోలు సంచిలోనే రెండు వానాకాలాలు ఉంచడంతో లెన్స్‌కు బూజు పట్టింది. పెళ్లి ఫొటోలు తీయడం మీరు ఇప్పుడు ఆనందించే పని లాంటిది కాదు. తాళి కట్టే క్షణంలో కెమెరా మొరాయిస్తే రెండో కెమెరా భుజాన ఉండాలి, కార్డు పాడైతే రెండో కార్డులో అదే ఫొటో ఉండాలి. ఫ్లాష్‌లు, లైట్లు, ఒక సహాయకుడు, వందల ఫొటోలు సరిదిద్దే రాత్రులు, ఆల్బమ్ ఆలస్యమైతే వచ్చే ఫోన్లు తప్పవు. ముహూర్తాలన్నీ కొన్ని వారాల్లోనే గుమిగూడతాయి, ఆషాఢంలోనూ మూఢాల్లోనూ పని ఉండదు, ఈఎంఐ మాత్రం ఆ నెలల్లోనూ ఉంటుంది. చాలా సంస్థల నియామక పత్రాల్లో అనుమతి లేకుండా బయట సంపాదన చేయకూడదన్న షరతు ఉంటుంది కాబట్టి మీది ఒకసారి తీసి చదవండి. వచ్చిన ఆదాయాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో చూపవలసిన బాధ్యత ఎలాగూ ఉంది. వీటన్నిటి తరువాత కూడా ఆ పని మీకు ఇష్టమే అయితే, ముందు ఎవరైనా ఫొటోగ్రాఫర్ వెంట సహాయకుడిగా నాలుగు పెళ్లిళ్లకు వెళ్లి రండి. అప్పటిదాకా కెమెరాను సరదా ఖర్చుగానే రాసుకోండి.

సరదా ఖర్చుగా చూస్తే ఇదేమీ దుబారా కాదు. ఏడాదికి 19 రోజులు, ఏడేళ్లు వాడతారనుకుంటే 133 రోజులు. 2,68,000ను వాటికి పంచితే రోజుకు సుమారు 2,015 రూపాయలు. ఏడేళ్ల తరువాత అమ్మితే వచ్చేది లెక్కలోకి తీసుకుంటే ఇంకా తగ్గుతుంది. తెల్లవారకముందే లేచి చెరువు గట్టుకు వెళ్లే మనిషి ఆ ఖర్చు పెట్టుకోవడంలో నాకు తప్పేమీ కనిపించదు. అందువల్ల కొనవద్దని నేను అనడం లేదు. సొంత డబ్బుతో, మరికొంత కాలం ఆగి, 24–120 లేకుండా కొనమంటున్నాను.

మొదటి మూడు నెలల మిగులు 19,200తో 50 మిల్లీమీటర్ల జి రకం లెన్స్ కొనండి. తరువాత నెలకు 5,000 చొప్పున రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. పద్దెనిమిది నెలలకు 90,000, దాని మీద 6.5 శాతం లెక్కన వడ్డీ 4,600 దాకా వస్తుంది. ఈలోగా వచ్చే రెండు బోనస్‌లలో సగం చొప్పున 80,000 ఇందులో కలపండి, మిగతా సగం ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు చేర్చండి, అది 3,40,000 అవుతుంది. పాత సామాను అమ్మితే వచ్చే 28,000 కలిపితే 2,02,600 చేతిలో ఉంటుంది. బాడీ 1,78,000, అడాప్టర్‌కు 20,000 పోయినా ఒక కార్డుకు డబ్బు మిగులుతుంది. హార్డ్ డిస్క్, రెండో బ్యాటరీ ఆ తరువాతి నెలల మిగులులోంచి కొనవచ్చు. అప్పటికి ఆ బాడీకి కొత్త రూపం వస్తే పాతదాని ధర దిగుతుంది కూడా. లెన్స్‌ల కంటే బాడీల విలువే త్వరగా పడిపోతుంది, కాబట్టి వాటి విషయంలో ఆగినవాడికి నష్టం తక్కువ. సెకండ్ హ్యాండ్ తీసుకునేటట్లయితే షటర్ ఎన్నిసార్లు పడిందో చూడకుండా, అసలు బిల్లు చేతికి రాకుండా డబ్బు ఇవ్వవద్దు.

కొనే ముందు ఒక బోనాల రాత్రికి ఆ కెమెరాను అద్దెకు తీసుకోండి. కృష్ణానగర్, యూసఫ్‌గూడ వైపు సినిమావాళ్ల కోసం కెమెరాలు అద్దెకిచ్చేవారు ఉంటారు. గుర్తింపు కార్డు, కొంత డిపాజిట్ అడుగుతారు. ఆ రాత్రి మీ డీ5600కు 50 లెన్స్ పెట్టి కొన్ని, అద్దె కెమెరాతో కొన్ని తీసి, రెంటినీ కంప్యూటర్ తెర మీద కాకుండా 12×18 అంగుళాల ప్రింట్లుగా పక్కపక్కన పెట్టి చూడండి. తేడా మీకు మాత్రమే కనిపిస్తోందా, మీ శ్రీమతి గారికీ కనిపిస్తోందా అన్నది గమనించండి.

కోఠి, అబిడ్స్ దుకాణాల్లో 'బిల్లు వద్దంటే తగ్గిస్తాం' అన్న మాట మీకు వినపడవచ్చు. కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి 1 నుంచి 28 శాతానికి బదులు 18 శాతం అయింది. 2,68,000లో పన్ను వాటా 40,900 దాకా ఉంటుంది కాబట్టి ఆశ పుట్టడం సహజం. అయితే బిల్లు లేని కెమెరాకు వారంటీ ఉండదు, పోతే బీమా అడగలేరు, రేపు అమ్మబోతే ధర పలకదు. ఒక కొనుగోలుకు 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం దుకాణదారుకు చట్టరీత్యా కుదరదు. ఇంటి బీమా ఉంటే, గడప దాటిన కెమెరాకు అది వర్తిస్తుందో లేదో పాలసీలో చూసుకోండి, సాధారణంగా అదనపు ప్రీమియం కట్టనిదే వర్తించదు. వానాకాలంలో దాచడానికి మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పొట్లాలు చాలు.

ఒక్క విషయం మీరు తేల్చుకోవాలి. పాత సామాను అమ్మితే, లెన్స్‌కు పోయిన మొదటి మూడు నెలలతో కలిపి ఇరవై ఒక్క నెలల్లో కెమెరా వస్తుంది, పక్షులు పోతాయి. డీ5600నూ 70–300నూ అమీన్‌పూర్ కోసం అట్టే పెట్టుకుంటే 23,400 తక్కువ పడుతుంది. అంటే రికరింగ్ డిపాజిట్ మరో ఐదు నెలలు సాగాలి. నా మట్టుకు నేను ఆ ఐదు నెలలు ఆగమంటాను.