నీ మార్ట్ బిల్లు గురించి చిన్నాయన రాసేది

తల్లీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన బిల్లును కళ్లజోడు పెట్టుకుని, వేళ్లతో పెద్దది చేసుకుని, పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివాను. మొత్తం 7,412 రూపాయలు. "అంత చౌక మార్ట్‌లో కొన్నా ఇద్దరికి ఇంతయిందేంది చిన్నాయనా" అని అడిగావు. పెన్సిల్ పట్టుకుని లెక్క కట్టాను. తిండి సరుకులు, సబ్బులు, బట్టల పౌడరు అన్నీ కలిపినా 4,300 దాటలేదు. మిగతాదంతా ప్లాస్టిక్ డబ్బాల సెట్టు, దుప్పటి, అల్లుడికి రెండు టీషర్టులు, నాలుగు రకాల చాక్లెట్లు, ఏదో కేకు పిండి. మీ ఇంట్లో కేకు చేసే పొయ్యి ఉందా అసలు?

బిల్లు చివర "మీకు ఆదా అయింది 1,126" అని ఉంది చూశావా, దాన్ని నమ్ముకోవద్దు. అది ఎమ్మార్పీతో పోల్చి వేసిన అంకె. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని గీసిన గీత, అంతే. నా అంగట్లో కూడా చాలా సరుకులు ఎమ్మార్పీకి రూపాయో రెండో తగ్గించే ఇచ్చేవాణ్ని.

కర్నూలు వన్‌టౌన్‌లో 31 ఏళ్లు కిరాణా అంగడి నడిపాను. పెద్ద మార్ట్‌లు వచ్చి నా అంగడి మూయించాయని మీ చిన్నమ్మ అందరితో చెప్తుంది. సగం నిజం. మిగతా సగం నా మోకాళ్లు. నాకు కోపమేమీ లేదు. ఒకసారి నేనే పోయి చూస్తే, డీలరు నాకు వేసే రేటు కన్నా తక్కువకు అక్కడ బట్టల సబ్బు ఉంది. ఒక పెట్టె కొనుక్కొచ్చి నా అంగట్లోనే అమ్ముకున్నాను. ఈ సంగతి మీ నాయనకు చెప్పొద్దు, ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

వాళ్లకు ఎట్లా గిట్టుబాటవుతుందని అప్పట్లో బాగా ఆలోచించేవాణ్ని. ముంబైలో 2002లో డీమార్ట్ మొదలుపెట్టిన రాధాకిషన్ దమానీ దారి చూడు. వీలైనంత వరకు సొంత స్థలంలోనే అంగడి, కాబట్టి అద్దె బాధ తక్కువ. సరుకు పంపినోడికి డబ్బు తొందరగా కట్టి, ఆ మేరకు రేటు తగ్గించుకుంటారు. నేనేమో డీలరును మూడు వారాలు తిప్పుకునేవాణ్ని. అరువుకు కొన్నోడికీ రొక్కం పెట్టినోడికీ ఒకే రేటు రాదు కదా.

అందుకే కంపెనీ సరుకు అక్కడే కొను. సబ్బులు, పేస్టు, గిన్నెల సబ్బు, బట్టల పౌడరు, టీపొడి, ప్యాకెట్ నూనె, బిస్కెట్లు. వీటికి మేమెవరం వాళ్లతో పోటీ పడలేం. పాడయ్యేవి కావు కాబట్టి, సబ్బుల్లాంటివి ఒకటికి ఒకటి ఫ్రీ పెట్టినప్పుడు మూడు నెలలకు తెచ్చి పెట్టుకున్నా తప్పులేదు.

ఇప్పుడు మా వ్యాపారుల గుట్టు ఒకటి చెప్తాను. చక్కెర ధర ఊరందరికీ తెలుసు. ఎర్రగడ్డలూ అంతే. వాటి మీద నేను పైసా మిగలకుండా అమ్మేవాణ్ని. "ఈయన దగ్గర చక్కెర తక్కువ" అనుకుని వచ్చినోళ్లు జీలకర్ర, లవంగాలు, ఎండుకొబ్బరి కూడా ఇక్కడే తీసుకునేవాళ్లు. వాటి ధర ఎవరికీ గుర్తుండదు. నా లాభం అక్కడుండేది. పెద్ద మార్ట్ వాళ్లు నాకన్నా తెలివైనోళ్లే గానీ తక్కువోళ్లు కాదు. కాబట్టి ఒక చిన్న నోటుబుక్కు పెట్టు. మీరు ప్రతినెలా కొనే సరుకులు పాతికకు మించవు. వాటి కిలో ధర, ఎక్కడ ఎంతకు దొరికిందో, తేదీ వేసి రాసుకో. రెండు నెలలు రాస్తే చాలు, అంగట్లోకి అడుగు పెట్టగానే ఏది నిజంగా తక్కువో నీకే తెలుస్తుంది. పాత నెలల ధరలు పట్టుకుని మాత్రం కూర్చోవద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒంటి సబ్బు, షాంపూ, పేస్టు మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కు దిగింది. అంతకుముందు ధరతో పోల్చుకుంటే ప్రతిదీ ఆఫరు లాగే కనపడుతుంది.

నూనె దగ్గర ఇంకా జాగ్రత్త. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. ఇప్పుడు అదే సైజు కనపడే ప్యాకెట్లలో 850 గ్రాములవీ, ఇంకా తక్కువవీ వస్తున్నాయి. ఒకటి 136 రూపాయలకు 850 గ్రాములు, పక్కది 142కు 910 గ్రాములు ఉన్నాయనుకో. చెయ్యి మొదటిదాని మీదికే పోతుంది. లెక్క కడితే మొదటిది కిలో 160, రెండోది 156. ఎమ్మార్పీ పక్కన గ్రాముకు ఇంత అని చిన్నక్షరాలతో వేసి ఉంటుంది కదా అంటావేమో. అది ఎమ్మార్పీ మీద కట్టిన లెక్క, ఆఫరు ధర మీద కాదు. ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంది, అల్లుడికి ఆ పని అప్పజెప్పు. టీషర్టుల వైపు పోకుండా ఉంటాడు.

బియ్యం మార్ట్‌లో కొనొద్దు. కర్నూలులో ఉంటూ సోనా బియ్యం మెరిసే ప్లాస్టిక్ సంచిలో కొనడమేంది తల్లీ? బియ్యం అంగడికి పో, గుప్పెడు చేతిలో పోసుకుని చూడు, పాతవా కొత్తవా అడుగు. కొత్త బియ్యం ముద్దవుతాయి, పాతవాటికి ధర ఎక్కువ. మూట మీద 26 కిలోలని ఉంటే ఆశ్చర్యపోవద్దు. 2022 జూలై 18 నుంచి, ప్యాక్ చేసి లేబులు వేసిన 25 కిలోల వరకు బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టారు. మన మిల్లర్లు ఒక కిలో ఎక్కువ పోసి దాన్ని దాటేశారు. నువ్వు ధరను 25తో కాకుండా 26తో భాగించాలి, అంతే.

కందిబ్యాళ్లు మాత్రం రెండుచోట్లా చూసి కొను. సంక్రాంతి దాటి కొత్త కందులు దిగే రోజుల్లో రేటు కాస్త మెత్తబడుతుంది. ఇద్దరికి ఐదు కిలోలు చాలు. ఒక పూట ఎండబెట్టి, చల్లారినాక డబ్బాలో పోసి, ఎండిన వేపాకు, నాలుగు ఎండుమిరపకాయలు వెయ్యి. చౌకగా వచ్చాయని పది కిలోలు తెచ్చి పురుగు పట్టించినోళ్లను నేను చాలామందిని చూశాను. మీ చిన్నమ్మ కూడా ఆ లెక్కలోనే ఉంది.

కూరగాయలకు సి.క్యాంపు రైతుబజారు. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనప్పుడు మా వీధిలో కూరగాయల వాళ్లు గొల్లుమన్నారు, నాకింకా గుర్తు. అక్కడ ధరల బోర్డు పెడతారు. దాన్నొక ఫోటో తీసుకుంటే ఆ రోజుకు ఎవరూ నిన్ను మోసం చెయ్యలేరు. పత్తికొండ వైపు టమోటా విరగకాసినప్పుడు రైతుకేమీ మిగలదు గానీ నీకు సంచి నిండుతుంది. ఆ రోజుల్లో ఎండబెట్టి ఊరగాయ పెట్టుకో.

మార్ట్‌కు పోయే రోజు చెప్తాను. ఆదివారం సాయంత్రం వద్దు. ఆ రద్దీలో ఏదీ పోల్చి చూడలేవు, చేతికందింది వేసుకుంటావు. మామూలు రోజు పొద్దున, తిని పో. ఆకలి మీద పోతే చాక్లెట్లు వాటంతట అవే బిల్లులోకి ఎక్కుతాయి. తోపుడుబండి తీసుకోకుండా బుట్ట తీసుకో. చెయ్యి నొప్పి పుట్టేసరికి కొనడం ఆగుతుంది. నెలకు ఒక్కసారే పో. రానూపోనూ ఆటోకు 160 పెట్టి, సబ్బుల మీద 90 మిగిలిందని సంతోషపడితే ఎట్లా?

బిల్లు అక్కడే, తలుపు దాటకముందే చూసుకో. పోయినేడు ఒకచోట అలమారా మీద చీటీలో ఒక ధర, బిల్లులో ఇంకో ధర పడింది. మూడు ప్యాకెట్లకు 54 రూపాయలు తేడా. వెనక్కి పోయి అడిగితే మారుమాట్లాడకుండా తిరిగిచ్చారు. ఎమ్మార్పీ మీద ఎవరైనా పైసా ఎక్కువ వేస్తే ఊరుకోవద్దు, 1915కు ఫోన్ చెయ్యి. అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

మీ వీధి చివర అంగడిని మాత్రం పూర్తిగా వదిలేయొద్దు. నా స్వార్థం కొద్దీ అంటున్నానని అనుకో, ఫరవాలేదు. రాత్రి తొమ్మిదింటికి చుట్టాలొస్తే, చేతిలో డబ్బు లేని ఇరవై ఎనిమిదో తేదీన పావుకిలో చక్కెర కావాలంటే, పద్దు రాసుకుని ఇచ్చేది ఆయనే. ఇంగువ, పెరుగు, బొరుగులు, తెల్లగడ్డలు ఆయన దగ్గరే తీసుకో. పది రూపాయలు ఎక్కువైతే కానివ్వు.

వచ్చే నెల బిల్లు కూడా పంపు. కేకు పిండి ఏం చేశావో రాయి. మీ చిన్నమ్మ పప్పుల పొడి కొట్టి డబ్బాకు ఎత్తింది. ఆదివారం మీ నాయన కర్నూలు వస్తే ఆయనతో పంపిస్తాం. ఆ డబ్బా మాత్రం తిరిగి రావాలి.

ఆశీస్సులతో,
మీ చిన్నాయన
డోన్