పాతిక వేల జీన్లు, ముందు ఏం చూడాలి?

ప్రశ్న: సార్, మాది కావలి దగ్గర, ఎంఎస్సీ బయోటెక్ చేస్తున్నా. ప్రాజెక్టుకి వనామి రొయ్యల మొప్పల శాంపిల్స్, తెల్లమచ్చ వైరస్ సోకినవి ఆరు, బాగున్నవి ఆరు, సీక్వెన్సింగ్‌కి పంపిస్తే సుమారు పాతిక వేల జీన్ల లెక్కలతో (ఏ జీన్ ఎంత పనిచేస్తోందో చెప్పే అంకెలు) ఒక ఫైల్ వచ్చింది. ఎక్సెల్‌లో తెరిస్తే అంకెలు తప్ప ఏం అర్థం కావట్లా. నాకు కోడింగ్ రాదు. త్వరగా చూసేదానికి సాఫ్ట్‌వేర్ ఏదన్నా ఉందా?

జవాబు: ఉందమ్మా, అదీ ఫ్రీగానే. ముందు ఒరిజినల్ ఫైల్ కాపీ ఒకటి పక్కన పెట్టేయ్, ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చెయ్యొద్దు, అది సెప్ట్2, మార్చ్1 లాంటి జీన్ పేర్లని తారీకులనుకుని మార్చేస్తది, ఈ బాధ పడలేకే 2020లో మనిషి జీన్లకి పేర్లు పెట్టే కమిటీ ఆ పేర్లనే మార్చేసింది.

ఇక ఆరెంజ్ అని స్లోవేనియాలోని ల్యుబ్లియానా యూనివర్సిటీ వాళ్ల ప్రోగ్రామ్ ఉంది, అది లాప్‌టాప్‌లో వేసుకో. కోడ్ రాయక్కర్లా, బొమ్మల్ని గీతలతో కలపడమే. వరసల్లో జీన్లు కాకుండా శాంపిల్స్ ఉండేట్టు ఫైల్‌ని తిప్పు, లెక్కల్ని లాగ్‌లోకి (లాగరిథమ్) మార్చు, లేకపోతే లక్షల్లో ఉండే నాలుగు జీన్లే మిగతావాటిని కనపడనియ్యవు. తర్వాత పీసీఏ వెయ్యి, అంటే వేల జీన్ల తేడాల్ని కుదించి ఒక్కో శాంపిల్‌ని ఒక్కో చుక్కగా చూపే బొమ్మ. పన్నెండు చుక్కలొస్తాయి, వాటికి జబ్బును బట్టి ఒకసారి, గుంటను బట్టి ఒకసారి, ఆర్‌ఎన్‌ఏ తీసిన రోజును బట్టి ఒకసారి రంగులెయ్యి. నన్నడిగితే మొత్తం పనిలో ఇదే ముఖ్యం. చుక్కలు జబ్బును బట్టి కాక ఆర్‌ఎన్‌ఏ తీసిన రోజును బట్టి విడిపోతే నువ్వు చూసేది ల్యాబ్ తేడా, వైరస్ కాదు. అదే జబ్బువన్నీ ఒక గుంటవి, మంచివన్నీ ఇంకో గుంటవి అయితే మాత్రం ఏది జబ్బు తేడానో ఏది గుంట తేడానో ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు, అట్లుంటే ఇప్పుడే మీ గైడ్‌తో మాట్లాడు.

హీట్‌మ్యాప్ (అంకెల్ని రంగులతో చూపే పట్టిక) కావాలంటే బ్రౌజర్‌లోనే నడిచే మార్ఫియస్ చాలు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, బొమ్మలో కనపడింది అనుమానం వరకే, రుజువు కాదు. పాతిక వేల జీన్లని పి విలువ 0.05 దగ్గర, అంటే నూటికి ఐదుసార్లు ఊరికే తేడా కనపడే హద్దు పెట్టి, టెస్ట్ చేస్తే అసలు తేడా ఏమీ లేకపోయినా 1250 దాకా ఊరికే తేలతాయి. అందుకని గెలాక్సీ వెబ్‌సైట్‌లో ఫ్రీ అకౌంట్ తెరిచి డీసెక్2 (రెండు గుంపుల మధ్య ఏ జీన్లు నిజంగా మారాయో టెస్ట్ చేసే ప్రోగ్రామ్) నడిపి, ఇన్ని టెస్టులు చేసినందుకు సరిచేసిన పి విలువ ఉన్న కాలమ్ మాత్రమే చూడు. డీసెక్2కి మాత్రం లాగ్ చేసినవి కాకుండా అసలు లెక్కలే ఇవ్వాలి.