ఒక బ్లాక్‌చెయిన్‌లోని ఆస్తి మరో బ్లాక్‌చెయిన్‌కు సురక్షితంగా ఎలా చేరుతుంది?

నిజానికి ఏ క్రిప్టో నాణెమూ ఒక చెయిన్ (అనేక కంప్యూటర్లు ఉమ్మడిగా నడిపే లెక్కల పుస్తకం) నుంచి మరో చెయిన్‌కు ప్రయాణించదు. సాధారణంగా మొదటి చెయిన్‌లోని స్మార్ట్ కాంట్రాక్టులో (చెయిన్‌పై దానంతటదే నడిచే ప్రోగ్రాములో) దాన్ని స్తంభింపజేసి, అందుకు సమానమైన ప్రతినిధి టోకెన్‌ను రెండో చెయిన్‌లో జారీ చేస్తారు. చిక్కంతా, అలా స్తంభింపజేశారన్న మాటను రెండో చెయిన్ ఎవరిని నమ్మి ఒప్పుకోవాలన్నదే. ఇలా చెయిన్లను కలిపే వ్యవస్థలనే వంతెనలంటారు; చాలా వంతెనలు కొద్దిమంది ధ్రువీకర్తల (లావాదేవీలు నిజమేనని తేల్చేవారి) డిజిటల్ సంతకాలపై ఆధారపడతాయి. 2022 మార్చిలో రోనిన్ అనే వంతెనకున్న 9 సంతకపు రహస్య కీలలో 5 దొంగల చేతికి చిక్కడంతో 1,73,600 ఈథర్ అనే క్రిప్టో నాణేలు తరలిపోయాయి. కాస్మోస్ అనే చెయిన్ల సముదాయం వాడే ఐబీసీ (చెయిన్ల మధ్య సందేశాలు పంపే నియమావళి) పద్ధతి నా దృష్టిలో ఇంతకంటే మేలైనది: అవతలి చెయిన్ బ్లాక్ శీర్షికలను (లావాదేవీల దొంతరల సారాంశాలను) ప్రతి చెయిన్ లైట్ క్లయింట్ అనే చిన్న తనిఖీ ప్రోగ్రాము ద్వారా తానే సరిచూసుకుంటుంది కనుక, సందేశాన్ని మోసే రిలేయర్ దాన్ని ఆలస్యం చేయగలడే గాని కల్పించలేడు, గడువులోగా అది చేరకపోతే ఆస్తి పంపినవారికే తిరిగి దక్కుతుంది. అయితే అవతలి చెయిన్ ధ్రువీకర్తల్లో అత్యధికులు కుమ్మక్కైతే ఈ రక్షణ కూడా నిలవదు.