పొలంలో బి.హెచ్.సి. అవశేషం తగ్గింది, అది సూక్ష్మజీవుల పనేనా?

మీ తాతగారి పొలంలో ఒకప్పుడు బి.హెచ్.సి. అనే పురుగుమందు పొడి ఏటా చల్లేవారని, పాత మట్టి రిపోర్టుతో పోలిస్తే కొత్తదాంట్లో ఆల్ఫా హెచ్‌సిహెచ్ సగానికి పైగా తగ్గిందని రాశారు. హెచ్‌సిహెచ్ అన్నా బి.హెచ్.సి. అన్నా ఒకటే, ఆల్ఫా అందులోని ఒక రకం. బ్యాక్టీరియా తినేసినట్టేనా అని అడిగారు. పీహెచ్‌డీలో నేను ఈ మందు మీదే పనిచేశాను. ఆ అంకె ఒక్కటే చూసి ఔనని చెప్పలేం.

నేనూ మొదట్లో ఔననే అనుకున్నాను. వరి మట్టిని సీసాల్లో పెట్టి వారం వారం ఆల్ఫా కొలిచేదాన్ని. తగ్గుతూ వచ్చింది. ఆ లెక్కలు పట్టుకెళ్తే మా గైడ్ ఒకటే అడిగారు: "గాల్లోకి ఎంత పోయిందమ్మా?" నా దగ్గర జవాబు లేదు. ఈ మందు మెల్లగా ఆవిరవుతుంది. నెలల తరబడి చేసిన పని పోయిందని చాలా టెన్షన్ పడ్డాను. "కుడి ఎడమలు విడదీసి చూడు" అన్నారాయన.

ఆల్ఫా అణువుకు రెండు రూపాలున్నాయి, ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మ. చెప్పుల జత లాగా అన్నమాట: కొలతా బరువూ ఒకటే, కానీ కుడికాలిది ఎడమకాలికి పట్టదు. ఫ్యాక్టరీలో రెండూ సగం సగం తయారవుతాయి. ఎండకూ గాలికీ నీళ్లకూ ఈ తేడా తెలియదు, రెండిటినీ సమంగానే తగ్గిస్తాయి. సూక్ష్మజీవుల్లో రసాయన మార్పులు జరిపే ఎంజైమ్‌కు మాత్రం తెలుస్తుంది, ఎందుకంటే దానికీ ఒక వాటం ఉంది. అందుకే సగం సగం నిష్పత్తి చెదిరిందంటే అక్కడ ప్రాణమున్నదేదో పనిచేసిందని అర్థం.

ల్యాబ్‌లో రసాయనాలను విడదీసే సన్నటి గొట్టాన్ని కాలమ్ అంటారు. మామూలు కాలమ్‌లో రెండు రూపాలూ కలిసి గ్రాఫ్ మీద ఒకే శిఖరంగా, అంటే ఒకే పీక్‌గా వస్తాయి. కుడి ఎడమల తేడా పట్టగల సైక్లోడెక్స్‌ట్రిన్ అనే పదార్థం ఉన్న కాలమ్ పెట్టి మళ్లీ నడిపాను. రెండు పీక్‌లు వచ్చాయి, ఒకటి బాగా పొట్టిగా. ఆటోక్లేవ్ చేసిన, అంటే వేడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపేసిన మట్టిలో రెండూ సమానం. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

మన దేశపు పొలం మట్టిలోనే దొరికిన స్ఫింగోబియం ఇండికం బి90ఎ అనే బ్యాక్టీరియా కథ నాకు చాలా ఇష్టం. దాంట్లో లిన్‌ఎ అనే ఎంజైమ్ రెండు రకాలుగా ఉంది. అణువు నుంచి హైడ్రోజన్‌నీ క్లోరిన్‌నీ జంటగా లాగేయడం దీని పని. ఆల్ఫా రెండు రూపాలను ప్లస్, మైనస్ అంటారు. లిన్‌ఎ1 ప్లస్ రూపాన్ని ముందు పట్టుకుంటుంది, లిన్‌ఎ2 మైనస్ రూపాన్ని. రెండూ ఉన్న బ్యాక్టీరియా రెండు చెప్పులనూ మాయం చేయగలదు. కాబట్టి నిష్పత్తి చెదరకపోతే సూక్ష్మజీవులు లేవని కూడా తేల్చేయకూడదు. ఇక్కడ చాలామంది పొరబడతారు.

అసలు భయపడాల్సింది ఈ మందులోని ఇంకో రకం, బీటా గురించి. పాత బి.హెచ్.సి. పొడిలో పురుగును చంపే గామా రకం 10-15 శాతమే. 60-70 శాతం ఆల్ఫా, మిగతాదాంట్లో బీటా ఒకటి. బీటా అణువులో లిన్‌ఎ పట్టుకోవడానికి వీలైన చోట హైడ్రోజన్, క్లోరిన్ జంట లేదు. లిన్‌బి అనే ఇంకో ఎంజైమ్ క్లోరిన్ తీసి ఆ చోట ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) పెట్టగలదు గానీ, అది నెమ్మదిగా సాగే పని. 1997లో బి.హెచ్.సి.ని నిషేధించినా బీటా ఇంకా కనిపిస్తుండటానికి ఇది పెద్ద కారణం. పైగా బీటాకు అద్దంలో జత లేదు కనుక, ఈ నిష్పత్తి పరీక్ష దానికి పనికిరాదు.

మీ ల్యాబ్‌ను రెండు అడగండి: ఆల్ఫా రెండు రూపాలనూ విడదీసే కాలమ్ ఉందా, బీటా అంకె విడిగా ఇస్తారా. పొలంలో నీళ్లు ఎన్ని నెలలు నిలుస్తాయో కూడా రాయండి. నీళ్లు నిలిచిన, గాలి ఆడని మట్టిలో ఆల్ఫా, గామా త్వరగా విరుగుతాయి. మీది మెట్టా మాగాణా తెలియకుండా ఆ తగ్గుదలను నేను సరిగ్గా చదవలేను.