సన్నని స్పీడు బోటుకు రెండు ఔట్‌బోర్డ్ ఇంజన్ల మధ్య ఎంత ఎడం ఉండాలి?

ఆరడుగుల వెడల్పున్న వి-ఆకారపు బోటుకు రెండు 90 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజన్లను (బోటు వెనుక పలకకు బయట తగిలించేవాటిని) 32 అంగుళాల ఎడంతో బిగిస్తే మలుపుల్లో పట్టు పెరుగుతుందా అని మీరు అడిగారు. పెరగదు. యానాం దగ్గర గౌతమిలో ఇంచుమించు ఇలాంటి బోటుకే అంత ఎడం పెట్టి, తరువాత విప్పి మార్చుకున్నవాణ్ణి కనుక చెబుతున్నాను.

ఎడమంటే ఒక ఇంజన్ నడిమి నుంచి రెండో ఇంజన్ నడిమికి ఉన్న దూరమే తప్ప, మూతల మధ్య కనిపించే ఖాళీ కాదు. ఈ తరగతికి 26 అంగుళాలు వాడుకలో ఉన్న కొలత. అయితే మీ ఇంజన్ పుస్తకంలో ఇచ్చిన కనీస ఎడం కంటే తగ్గకూడదు.

అసలు చిక్కంతా బోటు అడుగు వాలులో ఉంది. వెనుక పలక దగ్గర ఆ వాలు 20 డిగ్రీలైతే, నడిమి గీత నుంచి 13 అంగుళాలు పక్కకు జరిగినచోట అడుగు సుమారు నాలుగు ముప్పావు అంగుళాలు పైకి లేచి ఉంటుంది, 16 అంగుళాల దగ్గర ఆరుకు కాస్త తక్కువగా లేస్తుంది. దానికి తగినట్టు ఇంజన్లనూ ఎత్తి బిగించకపోతే ప్రొపెల్లర్ ఉండే వాటి కాళ్లు అనవసరంగా లోతుకు దిగి వేగాన్ని తినేస్తాయి; ఎత్తి బిగిస్తే, మలుపులో బోటు లోపలికి ఒరిగినప్పుడు బయటివైపు ప్రొపెల్లర్ మరింత పైకి తేలి గాలి పీల్చుకుంటుంది. భైరవపాలెం వైపు పోటుకు ఎదురు వెళుతూ తిప్పిన ప్రతిసారీ మా బయటి ఇంజన్ గీపెట్టేది, ఆర్‌పీఎం ఎగిరేది, వేగం మాత్రం పడిపోయేది. తప్పు ప్రొపెల్లర్‌దే అనుకొని ముందు దాన్ని మార్చాము. ఆ డబ్బు గోదాట్లో పోసినట్టే అయింది. ఎడాన్ని 26కు తగ్గించాక ఆ కేక మరీ పదునైన మలుపుల్లో తప్ప వినిపించలేదు.

పోగొట్టుకున్నదీ లేకపోలేదు. రేవులో ఒక ఇంజన్‌ను ముందుకు, రెండోదాన్ని వెనక్కు నడిపి బోటును ఉన్నచోటే తిప్పడం మునుపటంత సులువుగా లేదు.

ఇంజన్లు బిగించేందుకు పలకకు బెజ్జాలు వేసేముందు ఒక ఇంజన్‌ను పూర్తిగా పైకి లేపి, రెండోదాన్ని కిందనే ఉంచి, స్టీరింగును రెండు కొసలకూ తిప్పి మూతలు తగలడం లేదని చూడండి. గుర్రపుడెక్క చుట్టుకున్న ఇంజన్‌ను లేపి రెండోదానితో ఒడ్డు చేరవలసిన రోజు మన వైపు తప్పక వస్తుంది. అడుగున పొడవునా ఉండే గట్లలో ఏదీ ప్రొపెల్లర్‌కు నేరుగా ఎదుట ముగియకూడదు, ఎందుకంటే గట్టు వెంట వచ్చే నురగనీటిలో దానికి పట్టు దొరకదు. ఇంజన్ల జతలో ఒకటి ఎదురు దిశలో తిరిగేదై ఉండాలి. సన్నని బోటు ఒకే దిశ తిరుగుడుకు సులభంగా ఒక పక్కకు వాలుతుంది. మా పాత బెజ్జాలు ఎనిమిదింటినీ ఎపాక్సీతో పూడ్చిన తరువాతే బోటును మళ్లీ ఉప్పునీటిలో దింపాము, లేకుంటే పలక లోపలి ప్లైవుడ్ నానిపోయేది.