ఇంటి ఆఫీసుకు ఎలాంటి లేజర్ ప్రింటర్?

ప్రశ్న: ఇంట్లోనే చిన్న ఆఫీసు నడుపుతున్నాను. ప్రింట్లతోపాటు జిరాక్స్, స్కానింగ్ అవసరాలూ ఉన్నాయి. మల్టీఫంక్షన్ లేజర్ ప్రింటర్ కొనేటప్పుడు ఏం చూడాలి?

జవాబు: రంగుల ప్రింట్లు తప్పనిసరి కాకపోతే నలుపు-తెలుపు యంత్రమే తీసుకోండి, రంగులదానికి నాలుగు టోనర్లు (పొడి సిరా డబ్బాలు) కావాలి. యంత్రం ధర కన్నా ముందు టోనర్ ధరను అది ఇచ్చే పేజీల సంఖ్యతో భాగించి చూడడం చాలా ముఖ్యం. ఆ సంఖ్యను సాధారణంగా పేజీలో దాదాపు 5 శాతం మేరే అచ్చు పడుతుందన్న లెక్కతో చెబుతారు కాబట్టి, పట్టికలు, బొమ్మలు నిండుగా ఉండే కాగితాలకు టోనర్ అంతకన్నా త్వరగా అయిపోతుంది. పైగా చాలా మోడళ్లలో యంత్రంతోపాటు వచ్చే తొలి టోనర్ తక్కువ పేజీలకే సరిపోతుంది. డ్రమ్ (టోనర్ పొడిని కాగితం మీదకు చేర్చే గుండ్రని భాగం) విడిగా మార్చాల్సినదైతే ఆ ఖర్చూ కలపండి.

రెండు వైపులా దానంతటదే ముద్రించే సదుపాయం ఉండాలి. ఎక్కువ పేజీల పత్రాలు స్కాన్ చేసేవారికి ఏడీఎఫ్ (కాగితాలను ఒక్కొక్కటిగా దానంతటదే లోపలికి లాక్కునే భాగం) ఎంతో మేలు. అయితే దాని కింది సన్నని గాజు పట్టీ మీద చుక్కంత మరక పడినా ప్రతి పేజీలో నిలువు గీత వస్తుంది. మెత్తని బట్టతో తుడిస్తే పోతుంది.

ఫ్యూజర్ (టోనర్ పొడిని వేడితో కాగితానికి అతికించే భాగం) వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక, ప్రింటర్‌ను కంప్యూటర్ యూపీఎస్‌కు కాక నేరుగా గోడ సాకెట్‌కే తగిలించండి.