షాఫ్టు విప్పే ముందు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫొటో పంపింది. గుంటూరులో మీ గేటు ముందు ర్యాంపు మీద పాత మహీంద్రా జీపు, పక్కన చేతులు నల్లగా చేసుకుని నువ్వు. సొంత జీతంతో కొన్నావట. ఇంజను బలాన్ని వెనక చక్రాలకి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టుకి రెండు చివరలా ఉండే క్రాసులు, అంటే ప్లస్ గుర్తులాంటి కీళ్లు, నువ్వే మార్చి కొండవీడు ఘాట్ ఎక్కిస్తావట. మన ఇళ్లలో పానా పట్టిన మొదటి ఆడపిల్లవి. ఆ ఫొటో బెజవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు చుట్టుపక్కల అందరికీ చూపించాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నీ పనితనం మీద అనుమానం కాదు, ఆ ర్యాంపే నా భయం.

తేలిక సంగతులు ముందు. షాఫ్టుని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ ఊపు, అటూ ఇటూ తిప్పు. క్రాసు దగ్గర ఆట, అంటే వదులు, తెలిస్తే అది పోయినట్టే. క్రాసు నాలుగు కొనలకీ ఉండే కప్పుల చుట్టూ ఇటుకపొడిలా తుప్పు కనపడినా, నెమ్మదిగా పోతుంటే కిచకిచమన్నా అంతే. గ్రీజు నాలుగు కప్పుల్లోంచీ కొత్తది బయటికొచ్చేదాకా కొట్టాలి. వాగులో దింపిన ప్రతిసారీ ఇంటికొచ్చాక మళ్లీ కొట్టు.

ఇక అసలు మాట. నీ బండి విల్లీస్ వాళ్లు 1953లో తెచ్చిన సీజే-3బీ నమూనా. దాని హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ఇంజను బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచే పెట్టె ట్రాన్స్‌ఫర్ కేసు. దాని వెనక, షాఫ్టు మొదలయ్యే చోట చిన్న డ్రమ్ము ఉంటుంది. బ్రేకు పట్టుకునేది షాఫ్టుని, షాఫ్టు పట్టుకునేది వెనక చక్రాల్ని. షాఫ్టు విప్పేశాక ఆ లివరు ఎంత లాగినా బండికి పట్టు ఉండదు. గేరులో పెట్టినా లాభం లేదు. టూవీల్‌లో, అంటే వెనక చక్రాలకే బలం అందేలా ఉంటే, ముందు చక్రాలకీ అడ్డు లేదు.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. 1984 ఎండాకాలం, అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. మొగల్రాజపురం కొండ కింద అద్దె ఇంట్లో ఉండేవాళ్లం, వాకిలి ముందంతా ఏటవాలు. ఒకాయన జీపు అక్కడే పెట్టి సాయంత్రానికి క్రాసు మార్చి ఇవ్వమన్నాడు. హ్యాండ్ బ్రేకు చెయ్యి నొప్పెట్టేలా లాగాను, ఫస్ట్ గేరులో పెట్టాను, ఇంకేం కావాలనుకున్నాను. రాయి వెతకడానికి బద్ధకించాను. కిందకి దూరి షాఫ్టు వెనక కొనని బిగించే యూ బోల్టులు విప్పాను. షాఫ్టు జారి నా ఛాతీ మీద పడింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఆకాశం కనపడింది. బండి నా మీదుగా వెళ్లిపోయింది.

దిగువన నీళ్ల తొట్టి పక్కన మీ అమ్మ నిలబడి ఉంది. పన్నెండేళ్ల పిల్ల, నాకు మజ్జిగ గ్లాసు తెచ్చింది. వెనక కొక్కేనికీ తొట్టికీ మధ్య కాలు ఇరుక్కుంది. ఎముక విరగలేదు, 11 కుట్లు పడ్డాయి. నేను ఏడుస్తుంటే అదే నన్ను ఊరుకోబెట్టింది. మీ అమ్మ మోకాలి కింద మచ్చ నువ్వు చూసే ఉంటావు, సైకిలు మీంచి పడ్డానని అందరికీ చెబుతుంది. మా నాన్న నన్ను పనిలోంచి తీసేస్తాడని ఆ రోజే ఆ మాట పుట్టించింది. నలభై ఏళ్లు దాటినా దాన్ని మార్చలేదు. ఇప్పుడు నీకు చెబుతున్నాను, మీ అమ్మ ముందు ఎత్తకు.

మరి నువ్వేమో అదే బండిని వాలు మీద పెట్టి ఫొటో దిగుతావా! ఇంజనీరింగ్ చదివినదానివి, ఆ మాత్రం తోచలేదా? సరేలే, నాకూ తోచలేదుగా. ఈ రోజే దాన్ని చదును నేల మీదకి దింపు. నాలుగు చక్రాలకీ ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టు. ఎత్తాలంటే స్టాండుల మీద ఎత్తు, జాకీని నమ్ముకోకు. బండికి ముందుగానీ వెనకగానీ ఎవ్వరూ నిలబడకూడదు.

విప్పే ముందు క్రాసుని పట్టుకునే చెవుల ముక్క యోకు మీదా, షాఫ్టు ఒకదాంట్లో ఒకటి జారే పళ్ల భాగం స్ప్లైన్ దగ్గరా పెయింటుతో గీతలు గియ్యి, సుద్ద గీతలు గ్రీజుకి చెరిగిపోతాయి. వంపులో తిరిగే క్రాసు వల్ల షాఫ్టు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుని రెండుసార్లు తగ్గుతుంది. ఆ తేడాని రెండో చివరి క్రాసు సరిచేస్తుంది. అందుకే షాఫ్టు రెండు చివరల యోకు చెవులూ ఒకే వరసలో ఉండాలి. స్ప్లైన్ ఒక్క పన్ను జరిగినా బండి వణుకుతుంది. కప్పు నొక్కేటప్పుడు లోపలి బేరింగు సూది అడ్డం పడితే, కప్పుని పట్టి ఉంచే లాకు గాడిలో కూర్చోదు. కూర్చోలేదని సుత్తి ఎత్తకు, కప్పు తీసి చూడు. యూ బోల్టులు కొత్తవే వేసి, కొద్ది రోజులు తిరిగాక మళ్లీ బిగించు.

ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకి వస్తాను. దిమ్మలు నేనే తెస్తాను, మా షెడ్డులో మంచి తుమ్మచెక్కవి ఉన్నాయి. అప్పటిదాకా గ్రీజు కొట్టుకో, వెనక షాఫ్టు బోల్టుకి మాత్రం పానా తగిలించకు. ఆ రోజు మీ అమ్మ మజ్జిగ ఇస్తానంటే వంటింట్లోకి వెళ్లి మనమే తాగుదాం, దాన్ని వాకిట్లోకి రానివ్వకు.

మీ మావయ్య